ఇంటి వర్క్‌షాపులో ఎలక్ట్రిక్ గిటారు: మధ్య గీత నుంచి చివరి తీగ దాకా

గిటారు చేద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది చెక్క గురించే. మహాగని మంచిదా, యాష్ మంచిదా, బరువెంత ఉండాలి అని. చెక్క సంగతి తర్వాత చూద్దాం. ముందు సన్నగా చెక్కిన పెన్సిలూ, మీటరు పొడవున్న స్టీలు స్కేలూ దగ్గర పెట్టుకోండి. ఎలక్ట్రిక్ గిటారంటే నట్ (నెక్ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా నడిమధ్యన సాగే ఒక తిన్నని గీత. మిగతావన్నీ ఆ గీతకు అటూ ఇటూ కొలిచి పెట్టుకునేవే. ఈ లెక్క కుదిరితే సాదా చెక్కతో చేసిన గిటారు కూడా చక్కగా పలుకుతుంది.

అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ సుమారు 1940లో చేసిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. నాలుగంగుళాల చదరపు పైన్ దుంగకు ఒక నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి కాడ), తీగలు, పికప్‌లు (తీగ కదలికను విద్యుత్తుగా మార్చేవి) బిగించి వాయించారాయన. తర్వాత చూడ్డానికి గిటారులా ఉండాలని ఒక మామూలు గిటారు బాడీని రెండుగా కోసి, దుంగకు రెండు పక్కలా రెక్కల్లా తగిలించారు. పలికింది మాత్రం మధ్యలోని దుంగే.

నా మొదటి గిటారులో ఈ విషయం నాకు పూర్తిగా ఒంటబట్టలేదు. బాడీ అంచును ఆధారంగా తీసుకుని బ్రిడ్జ్ బిగించాను. గీతకు అది 3 మి.మీ. పక్కకు జరిగింది. తీగలు ఎక్కించాక చూస్తే అన్నిటికన్నా సన్నదైన ఇ తీగ పై ఫ్రెట్ల (స్వరాలను విడదీసే అడ్డ లోహపు కమ్మీల) దగ్గర, అవి దిగే పలక అయిన ఫ్రెట్‌బోర్డ్ అంచుకు ఒక్క మిల్లీమీటరు దూరంలో ఉంది. వేలు కాస్త గట్టిగా నొక్కితే చాలు, జారి పక్కకు పడిపోయేది. మూడు నెలల పని. ఆ బాధ నుంచి నేర్చుకున్న వరుసలోనే ఇక్కడ ప్రతి పనీ చెబుతున్నాను.

ముందు సామాన్లు, తర్వాత కోత

బ్రిడ్జ్, ట్యూనర్లు (తీగలు బిగించే బిరడాలు), పికప్‌లు, ట్రస్ రాడ్ (నెక్ లోపల పెట్టే ఉక్కు కడ్డీ), ఫ్రెట్ వైరు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు), స్విచ్, జాక్ అన్నీ చేతిలోకి వచ్చేదాకా రంపం ముట్టుకోవద్దు. కారణం ఒక్కటే: కేటలాగులో రాసిన కొలతకూ చేతిలో ఉన్న వస్తువు కొలతకూ తరచూ తేడా ఉంటుంది. ట్యూనర్‌కు 10 మి.మీ. రంధ్రం కావాలా, ఇంకోటా అన్నది వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి తెలుసుకోవాల్సిందే. ట్రస్ రాడ్ గాడి వెడల్పు మామూలుగా 6 మి.మీ. ఉంటుంది కానీ లోతు రాడ్‌ను బట్టి మారుతుంది.

బ్రిడ్జ్ ఎంపికలో ఒక మాట. మొదటి గిటారుకు బాడీ మీద బల్లపరుపుగా కూర్చునే, కదలని బ్రిడ్జ్ తీసుకోండి. అప్పుడు నెక్‌ను ఏ కోణమూ లేకుండా తిన్నగా బిగించొచ్చు. రెండు స్తంభాల మీద ఎత్తుగా నిలబడే ట్యూనోమాటిక్ రకం బ్రిడ్జ్‌కైతే నెక్‌ను 3, 4 డిగ్రీలు వెనక్కి వంచి కూర్చోబెట్టాలి. అది రెండో గిటారుకు ఉంచుకోండి. తీగను ఊపే ట్రెమొలో బ్రిడ్జ్ కూడా అంతే.

కాగితం మీద అసలు సైజు బొమ్మ

పొడవాటి కాగితం బల్ల మీద పరిచి, టేపుతో అంటించి, మధ్య గీత గీయండి. ఇక స్కేలు పొడవు తేల్చుకోవాలి. నట్ నుంచి శాడిల్ (బ్రిడ్జ్‌లో ఒక్కో తీగ ఆనే ముక్క) దాకా తీగలో మోగే భాగం పొడవే ఇది. ఫెండర్ గిటార్లలో ఎక్కువగా 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మి.మీ. గిబ్సన్ చెప్పుకునేది 24.75 అంగుళాలు. పీఆర్‌ఎస్ కంపెనీ ఈ రెండింటికీ మధ్యన 25 అంగుళాలు పెట్టుకుంది. పొడవు పెరిగితే అదే శ్రుతికి తీగ మరింత బిగువుగా ఉంటుంది, తగ్గితే వేలికి మెత్తగా వంగుతుంది. ఇక్కడి లెక్కలన్నీ 648తోనే చేస్తాను.

ఫ్రెట్ల దూరాలకు సూత్రం చాలా తేలిక. నట్ నుంచి బ్రిడ్జ్ దాకా ఉన్న దూరాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది: 648కి 36.37 మి.మీ. మిగిలిన 611.63ని మళ్లీ 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి రెండోదానికి 34.33. ఇలా సాగుతుంది. ఒక సప్తకంలో 12 సమానమైన మెట్లు ఉండాలి, 12వ మెట్టుకు తీగ పొడవు సరిగ్గా సగం కావాలి. ఆ అవసరం నుంచి వచ్చిన సంఖ్యే 17.817.

లెక్క అలా చేసినా కొలత మాత్రం ప్రతిసారీ నట్ నుంచే తీసుకోండి. ఒక ఫ్రెట్ నుంచి పక్క ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే ఒక్కోసారి జరిగే 0.2 మి.మీ. తేడా 22వ ఫ్రెట్‌కు వచ్చేసరికి పేరుకుపోయి, పైన వాయించే ప్రతి స్వరమూ అపశ్రుతి అవుతుంది. సరిచూసుకోవడానికి గుర్తులు: 5వ ఫ్రెట్ 162.55, 7వది 215.5, 12వది కచ్చితంగా 324, 22వది 466.16 మి.మీ. వీటిలో ఏది తేడా వచ్చినా అక్కడే ఆగి లెక్క మళ్లీ చూడండి.

నట్ దగ్గర వెడల్పు 42 నుంచి 43, 22వ ఫ్రెట్ దగ్గర 56 మి.మీ. వేసుకుంటే చాలామంది చేతులకు సరిపోతుంది. బయటి తీగలకూ ఫ్రెట్‌బోర్డ్ అంచుకూ మధ్య 3 మి.మీ. జాగా మిగలాలి. బాడీ ఆకారం చివర్లో గీయండి. దాన్ని అట్ట మీద కత్తిరించి ఒళ్లో పెట్టుకుని చూడండి. తొడ మీద ఎక్కడ ఆనుతోంది, ముంజేయి ఎక్కడ ఒరుసుకుంటోంది అన్నది అట్టతోనే తెలిసిపోతుంది.

చెక్క

బాడీకి ఆల్డర్, యాష్, మహాగని, నెక్‌కు మేపుల్ లేదా మహాగని, ఫ్రెట్‌బోర్డ్‌కు రోజ్‌వుడ్, ఎబొని, మేపుల్. ఇది దశాబ్దాలుగా నడుస్తున్న వాడుక. అంతమాత్రాన వేరే చెక్కతో చేయకూడదని లేదు. క్వీన్ బృందం గిటారిస్టు బ్రియాన్ మే 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లో మొదలుపెట్టిన గిటారుకు నెక్ పాత నిప్పుగూటి దూలం నుంచి వచ్చింది. ట్రెమొలోకు స్ప్రింగులు పాత మోటారుసైకిల్ ఇంజన్ వాల్వులవి. ఫ్రెట్‌బోర్డ్ మీద చుక్కలు వాళ్లమ్మ ముత్యపు చిప్ప గుండీలు. దాన్నే ఆయన దశాబ్దాలుగా వేదికల మీద వాయిస్తూ వచ్చారు. పాత దూలం పనికి రావడంలో వింతేమీ లేదు. అది ఏళ్ల తరబడి ఎండి, వంగాల్సినంత వంగి స్థిరపడిన చెక్క.

చెక్కలో చూడాల్సింది ఆ స్థిరత్వమే. తేమ 6 నుంచి 8 శాతం ఉంటే మంచిది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. తెచ్చిన చెక్కను మూడు నాలుగు వారాలు మీరు పనిచేసే గదిలోనే, చుట్టూ గాలి తగిలేలా ఉంచండి. నెక్ చెక్కలో ముడులు ఉండకూడదు, నార ఒక చివర నుంచి ఇంకో చివరకు తిన్నగా సాగాలి. పక్క నుంచి చూస్తే గీతలు ఏటవాలుగా వెళ్లి అంచులో ముగుస్తుంటే ఆ పలక ఎంత అందంగా ఉన్నా నెక్‌కు వద్దు. 10 నుంచి 46 సైజు (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) తీగలు ఆరూ శ్రుతి చేస్తే నెక్ మీద పడే లాగుడు 45 కిలోలకు పైనే. అడ్డంగా పోయే నార దగ్గర అది వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. బాడీకి ఇంత పట్టింపు అక్కర్లేదు. అక్కడ నేను ముందు బరువే చూస్తాను.

పనిముట్లు, ఊపిరి

రౌటర్ (తిరిగే బిట్‌తో చెక్క తొలిచే యంత్రం), డ్రిల్, జిగ్‌సా, ఉలి, ఆకురాయి, స్పోక్‌షేవ్ (వంపులు చెక్కే చిన్న చిత్రిక), ఫ్రెట్ రంపం, ఆరేడు క్లాంపులు, మూలమట్టం, నిఖార్సైన స్టీలు స్కేలు. వీటితో మొత్తం పని అయిపోతుంది. బ్యాండ్‌సా ఉంటే సుఖం, లేకపోయినా పని ఆగదు.

డస్ట్ మాస్క్ లేకుండా మాత్రం పని మొదలుపెట్టొద్దు. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) పొడీ, రోజ్‌వుడ్ పొడీ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మంచిది కాదు. రోజ్‌వుడ్ పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా తెప్పిస్తుంది. ఎన్95 స్థాయి మాస్క్, కళ్లద్దాలు, రౌటర్ నడిచేటప్పుడు చెవులకు రక్షణ. వదులు చొక్కా చేతులు పైకి మడవండి. చేతి తొడుగులతో రౌటర్ పట్టుకోవద్దు, తిరిగే బిట్ వాటిని లాక్కుంటుంది.

టెంప్లేట్, బాడీ

బాడీని సూటిగా చెక్క మీద కోయకండి. ముందు 12 మి.మీ. ఎండీఎఫ్ మీద ఆకారం కోసి, ఆకురాయితో, గరుకు కాగితంతో అంచు నున్నగా చేయండి. ఈ టెంప్లేట్ మీద వేలితో తడిమితే తగిలే ప్రతి ఎత్తుపల్లమూ, టెంప్లేట్ అంచు వెంట నడిచే రౌటర్ బిట్ బేరింగ్ ద్వారా రేపు బాడీ మీద అచ్చుగుద్దినట్టు దిగుతుంది. కాబట్టి రెండు గంటలు పట్టినా ఇక్కడే పట్టనివ్వండి. టెంప్లేట్ మీద మధ్య గీతను కత్తితో సన్నగా గీసి, రెండు చివర్లా అంచు మీదికి దింపండి.

రెండు పలకలు కలిపి బాడీ చేస్తుంటే, కలిసే అంచులను చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్యలో వెలుగు కనబడకూడదు. క్లాంపు బిగించి ఆ సందును మూయాలని చూస్తే జాయింటు కొన్నాళ్లకు విచ్చుకుంటుంది. పసుపు రంగు వుడ్ గ్లూ పలచగా, అంచంతా తడిసేలా రాసి బిగించి, 24 గంటలు దాని జోలికి వెళ్లకండి.

జిగ్‌సాతో గీతకు 2, 3 మి.మీ. బయటగా కోసి, మిగిలింది బేరింగ్ ఉన్న బిట్‌తో రౌటర్ చేత తీయించండి. ఒక్కో విడతకు 5 మి.మీ. లోతు చాలు. బాడీ మందం 45 మి.మీ. కాబట్టి విడతలు చాలానే పడతాయి. రౌటర్‌ను చేత్తో పట్టుకుని నడిపేటప్పుడు బయటి అంచు చుట్టూ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా, లోపలి గూళ్లలో ముల్లు తిరిగే వైపుగా వెళ్లాలి. బాడీ కొమ్ముల చివర నార బిట్‌కు ఎదురు తిరుగుతుంది. ముక్క ఎగిరిపోయేది అక్కడే. ఆ చోట్ల ముందే గరుకు కాగితంతో గీత దాకా తెచ్చుకుంటే రౌటర్ తీయాల్సింది అర మిల్లీమీటరే మిగులుతుంది, ప్రమాదం తప్పుతుంది.

పికప్ గూళ్లు, పాట్‌లూ స్విచ్ కూర్చునే కంట్రోల్ గూడు ముందు డ్రిల్‌తో తొలిచి, తర్వాత రౌటర్‌తో సరిచేయండి. నెక్ కూర్చునే గూడు మాత్రం ఇప్పుడు తవ్వకండి. ముందు నెక్ తయారవ్వాలి.

నెక్

గిటారు మీద చేయి రోజూ ఆనేది ఇక్కడే. నా సమయంలో సగం దీనికే పోతుంది, అది నాకు ఇష్టమే.

19 మి.మీ. మందం మేపుల్ పలక, దాని మీద, బొమ్మలోని కొలతల ప్రకారం ఫ్రెట్ రంపంతో గాళ్లు కోసిన 6 మి.మీ. ఫ్రెట్‌బోర్డ్. రెండూ కలిసి మడమ (నెక్ బాడీలో కూర్చునే చివర) దగ్గర 25 మి.మీ. ఆకారం కోయకముందే, పలక అంచులు సమాంతరంగా ఉన్నప్పుడే ట్రస్ రాడ్ గాడి తవ్వాలి. అప్పుడు రౌటర్ గైడ్ అంచు వెంట తిన్నగా నడుస్తుంది. నెక్‌లో ఉక్కు రాడ్ పెట్టి తీగల లాగుడుకు బదులు చెప్పే ఏర్పాటుకు గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లో పేటెంటు వచ్చింది. ఇప్పుడు దొరికే రెండువైపులా పనిచేసే రాడ్‌తో నెక్‌ను ముందుకూ వెనక్కూ సర్దుకోవచ్చు. రాడ్ గాడిలో వేలితో నొక్కితే దిగాలి, బోర్లిస్తే పడిపోకూడదు. వదులుగా ఉంటే వాయించేటప్పుడు లోపల గిలగిలమని చప్పుడు చేస్తుంది. ఫ్రెట్‌బోర్డ్ అంటించేటప్పుడు గాడి మీద సన్నటి టేపు వేసి, గ్లూ రాశాక ఆ టేపు లాగేయండి. రాడ్‌కు గ్లూ అంటదు.

అంటించేటప్పుడు తడి గ్లూ మీద ఫ్రెట్‌బోర్డ్ జారుతుంది. రెండు ఫ్రెట్ గాళ్లలో, ఒకటి నట్ వైపు, ఒకటి మడమ వైపు, సన్న మేకులు దిగేలా రంధ్రాలు వేసి కదలకుండా ఆపండి. ఫ్రెట్లు దిగాక ఆ రంధ్రాలు కనబడవు. మధ్య గీత రెండింటి మీదా కలిసిందో లేదో క్లాంపులు బిగించే ముందు ఒకసారి, బిగించాక మరోసారి చూడండి.

ఇక వెనకవైపు చెక్కడం. మొదటి ఫ్రెట్ దగ్గర 21, 12వ ఫ్రెట్ దగ్గర 23 మి.మీ. మందం నాకు హాయిగా ఉంటుంది. ముందు ఈ రెండు చోట్లా అడ్డంగా కావలసిన లోతుకు తెచ్చి, మధ్య భాగం వాటికి కలపండి. సన్నగా చేయాలనే ఉబలాటం వస్తే ఒక లెక్క గుర్తుంచుకోండి: 21 మి.మీ.లో ఫ్రెట్‌బోర్డ్ 6, రాడ్ గాడి సుమారు 9.5 పోగా రాడ్ వెనక మిగిలిన చెక్క 5.5 మి.మీ. మాత్రమే.

గుండ్రం ఒక్కసారిగా రాదు. వెనక రెండు వైపులా 45 డిగ్రీల చదును దింపండి. చదునుల మధ్య మిగిలిన అంచులను మళ్లీ చదునుగా తీయండి. ఇలా ముఖాలు పెరిగేకొద్దీ అది గుండ్రానికి దగ్గరవుతుంది. ఆఖరున పొడవాటి గరుకు కాగితపు పట్టీని, బూటు పాలిష్ గుడ్డను లాగినట్టు, రెండు చేతులతో అటూ ఇటూ లాగండి. ఈ దశలో గదిలో లైట్లు ఆర్పి ఒక్క దీపాన్ని నెక్ పక్కన, దాదాపు అదే ఎత్తులో పెట్టండి. వెనకంతా పెన్సిల్‌తో గీతలు బరికి రెండు సార్లు కాగితం లాగండి. గీతలు ఎక్కడ మిగిలాయో అక్కడ గుంట ఉన్నట్టు. నీడ ఎక్కడ విరిగిందో అక్కడ గడ్డ ఉన్నట్టు. కన్ను పట్టుకోని తేడా అరచేతికి తెలుస్తుంది. కళ్లు మూసుకుని మొదటి ఫ్రెట్ నుంచి మడమ దాకా చేయి జార్చండి. ఎక్కడ చేయి ఆగుతుందో అక్కడ ఇంకా పని ఉంది.

హెడ్‌స్టాక్ (ట్యూనర్లు ఉండే నెక్ తల) మందం 14, 15 మి.మీ. నెక్‌తో సమాంతరంగా ఉండే ఫెండర్ పద్ధతి హెడ్‌స్టాక్ మొదటిసారికి మేలు. దీనికి అతుకు అక్కర్లేదు, సన్న తీగలను కిందికి నొక్కే చిన్న క్లిప్పులు చాలు.

ఫ్రెట్లు

ఫ్రెట్‌బోర్డ్‌కు అడ్డంగా కొంచెం ఉబ్బు ఉంటుంది. 9.5 అంగుళాల వ్యాసార్థం తీగలు పట్టడానికి సుఖం, 12 అంగుళాలైతే తీగలు వంచి వాయించేవాళ్లకు అనువు. ఆ వంపున్న దిమ్మెకు గరుకు కాగితం అంటించి పొడవునా రుద్దండి. పొడవాటి స్కేలు అంచు పెట్టి చూస్తే ఎక్కడా సందు కనబడకూడదు. ఈ రుద్దుడులో అంచుల వద్ద గాళ్ల లోతు తగ్గిపోతుంది, కాబట్టి రంపంతో మళ్లీ లోతు చేసుకోండి. గాడి వెడల్పు సుమారు 0.6 మి.మీ. ఉండాలి. గాడి ఇరుకైతే 22 ఫ్రెట్లు 22 చీలల్లా దిగి నెక్‌ను వెనక్కి వంచేస్తాయి.

ఫ్రెట్ వైరును ఫ్రెట్‌బోర్డ్ వంపు కన్నా కాస్త ఎక్కువ వంచి, రెండు చివరలు ముందు దించి, తర్వాత మధ్యలో కొట్టండి. ప్లాస్టిక్ లేదా ఇత్తడి తల ఉన్న సుత్తి వాడండి. నెక్ కింద సరిగ్గా ఆ ఫ్రెట్ ఉన్న చోటే మెత్తటి దిమ్మె ఉండాలి. సుత్తి దెబ్బ శబ్దం వినండి. ఫ్రెట్ పూర్తిగా కూర్చోకముందు డొల్లగా వినిపిస్తుంది, కూర్చున్నాక గట్టిగా మారుతుంది.

అంచులు కత్తిరించి 35 డిగ్రీల వాలుగా ఆకురాయితో అరగదీయండి. ఆ తర్వాత లెవెలింగ్, అంటే ఫ్రెట్లన్నిటినీ ఒకే ఎత్తుకు తేవడం. ట్రస్ రాడ్‌తో నెక్‌ను పూర్తిగా తిన్నగా చేసి, ప్రతి ఫ్రెట్ తల మీదా మార్కర్‌తో నల్లగా పూయండి. తిన్నని లోహపు పట్టీకి 400 నంబరు కాగితం అంటించి బరువు వేయకుండా నడపండి. ప్రతి ఫ్రెట్ మీదా నలుపు కాస్తయినా చెరిగేదాకా రుద్ది ఆపేయండి. ఇప్పుడు తలలు చదునెక్కి ఉంటాయి. వాటి మీద మళ్లీ మార్కర్ పూసి, క్రౌనింగ్ ఆకురాయితో గుండ్రం చేసి, చివరి సన్నని నల్ల గీత మిగిలేలా వదిలితే ఎత్తు తగ్గదు. తర్వాత 600 నుంచి 2000 నంబరు దాకా మెరుగు పెట్టండి.

నెక్ గూడు, బ్రిడ్జ్

నెక్ మడమ చుట్టూ ఎండీఎఫ్ పట్టీలు అతికించి, దాన్నే టెంప్లేట్‌గా చేసుకుని గూడు తవ్వండి. లోతు 16 మి.మీ. కోయకముందు నెక్ మధ్య గీత, బాడీ మధ్య గీత ఒకే తిన్నన ఉన్నాయో లేదో మీటరు స్కేలు ఆనించి చూడాలి. గూడు సరిగ్గా కుదిరిందా అని నేను చూసే పద్ధతి: మరలేవీ లేకుండా నెక్‌ను గూట్లో నొక్కి, బల్ల మీద మెత్తటి దుప్పటి పరిచి, నెక్ పట్టుకుని పైకెత్తుతాను. బాడీ దానితో పాటే లేవాలి.

బ్రిడ్జ్ రంధ్రాలకు ముందు దారం పరీక్ష చేయండి. నట్ దగ్గర రెండు బయటి తీగల చోటు నుంచి రెండు దారాలు బ్రిడ్జ్ శాడిళ్ల దాకా లాగి టేపుతో అంటించండి. 22వ ఫ్రెట్ దగ్గర రెండు వైపులా అంచుకు దూరం సమానంగా రావాలి. తేడా ఉంటే బ్రిడ్జ్‌ను పక్కకు జరపండి. నా 3 మి.మీ. పొరపాటు ఈ రెండు దారాలతో దొరికిపోయేది.

పొడవు విషయంలో సన్న ఇ తీగ శాడిల్‌ను, ముందుకు ఇంకో 2, 3 మి.మీ. జరిగే వీలుంచి, నట్ నుంచి సరిగ్గా 648 దగ్గర పెట్టండి. మిగతావి అవసరమయ్యేది ఎక్కువగా వెనక్కే. నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది, లావు తీగల్లో అది ఎక్కువ. దాన్ని సరిచేయడానికి లావు ఇ శాడిల్ 3 నుంచి 5 మి.మీ. వెనక్కి పోవాల్సి వస్తుంది.

నెక్ మరలకు బాడీలో మర స్వేచ్ఛగా జారేంత రంధ్రం, నెక్‌లో మాత్రం మర కన్నా సన్న రంధ్రం. మరకు మైనం రాసి తిప్పితే గట్టి మేపుల్‌లో కూడా విరక్కుండా దిగుతుంది.

పూత వేయకముందే అన్నీ బిగించి, తీగలు ఎక్కించి, వారం రోజులు వాయించండి. కొత్త రంధ్రం కావాలన్నా, ఎక్కడైనా ఇంకాస్త చెక్కాలన్నా ఇప్పుడే సులువు.

పూత

అన్నీ విప్పేసి 120, 180, 240, 320 వరసలో రుద్దండి. 240 తర్వాత తడిగుడ్డతో తుడిస్తే నలిగిన నార పైకి లేస్తుంది. ఆరాక 320తో తీసేయండి. మహాగని, యాష్ లాంటి రంధ్రాలున్న చెక్కకు అద్దంలాంటి మెరుపు కావాలంటే గ్రెయిన్ ఫిల్లర్ పట్టించాలి.

ఇంట్లో మొదటిసారికి నా సలహా గుడ్డతో రాసే నూనె పూత. టంగ్ నూనె లేదా డేనిష్ నూనె పలచగా రాసి, పావుగంటకు తుడిచి, మరుసటి రోజు మళ్లీ. నాలుగైదు పూతలకు చెక్కలో లోతు కనబడుతుంది, నెక్ చేతికి అంటుకోకుండా జారుతుంది. నూనెలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే నూనెలు గాలితో కలిసి వేడి పుట్టిస్తాయి, ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట విడదీసి పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. నైట్రో లాకర్ స్ప్రే చేయాలంటే గాలి బాగా ఆడే చోటు, ఆవిర్లను ఆపే మాస్క్ ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

వైరింగ్

సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లకు 250 కిలో ఓమ్‌ల పాట్‌లు, హంబకర్లకు (రెండు చుట్టలున్నవాటికి) 500. విలువ తగ్గేకొద్దీ పై శ్రుతుల పదును తగ్గుతుంది. టోన్ కెపాసిటర్ 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్.

గూళ్ల లోపల రాగి టేపు అంటించి, ముక్క ముక్కకూ కరెంటు పారుతోందా అని మల్టీమీటర్‌తో చూసి, గ్రౌండుకు కలపండి. బ్రిడ్జ్ కింద నుంచి కూడా ఒక వైరు గ్రౌండుకు రావాలి. తీగ మీద చేయి వేయగానే గుయ్యిమనే హమ్ తగ్గేది దానివల్లే. చాలా ఇంటి గిటార్లలో మర్చిపోయేది ఈ ఒక్క వైరే, ఎందుకంటే దాని రంధ్రం బ్రిడ్జ్ బిగించకముందే వేయాలి.

పాట్ వెనక సోల్డర్ పట్టనప్పుడు ఆ లోహాన్ని ముందు గరుకు కాగితంతో కాస్త గీయండి. ఐరన్ వేడిగా ఉండాలి, పని రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. తీగలు వేయకముందే ఆంప్‌కు కలిపి, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పికప్‌ను మెల్లగా తట్టండి. ఏది పలుకుతోందో, స్విచ్ ఏ వైపు ఉన్నప్పుడు ఏది మోగుతోందో తెలిసిపోతుంది. రెండు పికప్‌లు కలిపినప్పుడు శబ్దం సన్నగా, బోలుగా వస్తే వాటిలో ఒకదాని రెండు వైర్లు తారుమారు చేయండి. ఆ పికప్ లోహపు కవర్ గ్రౌండు వైరుకే కలిసి ఉంటే, మార్చే ముందు కవర్ గ్రౌండును విడదీయాలి.

సెటప్

తీగలు శ్రుతి చేశాక ముందు నెక్ వంపు చూడాలి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, 7వ ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలవండి. 0.2 నుంచి 0.25 మి.మీ. ఉంటే సరి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ బిగించాలి, తక్కువుంటే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి.

తర్వాత నట్. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కితే మొదటి ఫ్రెట్ మీద కాగితం దూరేంత సందు మాత్రమే ఉండాలి. నట్ గాడి ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్ల దగ్గర తీగ గట్టిగా తగులుతుంది, శ్రుతీ పెరుగుతుంది. లోతు ఎక్కువ చేస్తే ఖాళీ తీగ ఫ్రెట్‌కు తగిలి బజ్‌మంటుంది, మళ్లీ కొత్త నట్ చేయాలి. అందుకే ఆకురాయి రెండు సార్లు లాగి, శ్రుతి చేసి, చూసి, మళ్లీ రెండు సార్లు.

12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు సన్న ఇ తీగకు 1.5, లావు దానికి 2 మి.మీ.తో మొదలుపెట్టండి. చివరగా ఇంటొనేషన్, అంటే నొక్కిన స్వరాల శ్రుతి సరిచూడటం: 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కి వాయించిన స్వరాన్నీ శ్రుతి చూపే ట్యూనర్ మీటరుతో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్ వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకు. జరిపిన ప్రతిసారీ తీగ మళ్లీ శ్రుతి చేసి చూడాలి.

కొత్త నెక్ ఈ లాగుడుకు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. పదిహేను రోజులయ్యాక వంపు మళ్లీ కొలవండి. చాలాసార్లు ఇంకో పావు చుట్టు అవసరమవుతుంది. ఆ రోజు నెక్ వంపు, తీగ ఎత్తులు, తీగల సైజు ఒక కాగితం మీద తేదీతో రాసి, కంట్రోల్ గూటి మూత లోపలివైపు అంటించి మూత బిగించండి.